ఇంటితో సహా ఎడారికి: బిగ్ బెండ్‌లో మా ఆర్వీ క్యాంపింగ్

అనంతపురం నుంచి అమ్మానాన్నలు మా దగ్గరికి వచ్చినప్పుడల్లా ఏదో ఒక నేషనల్ పార్కు చూపించడం మాకు అలవాటు. ఈసారి మా ఆయన బిగ్ బెండ్ అన్నారు. మేముండేది డాలస్‌లో. టెక్సస్‌లోనే ఉన్న ఈ పార్కుకి ఇన్నేళ్ళూ వెళ్ళకపోవడానికి కారణం దూరం. ఇంటి నుంచి 550 మైళ్ళ పైమాటే. రాష్ట్రానికి నైరుతిన, రియో గ్రాండ్ నది పెద్ద వంపు తిరిగే చోట, మెక్సికోని ఆనుకుని 8 లక్షల ఎకరాల్లో పరుచుకుని ఉంటుంది. 1944లో నేషనల్ పార్కు అయింది. గ్రాండ్ కాన్యన్‌కి ఏటా నలభై, యాభై లక్షలమంది వెళ్తుంటే, ఇక్కడికి వచ్చేవాళ్ళు అయిదారు లక్షలు దాటరు. దగ్గర్లో పెద్ద ఊరు లేదు. ఆసుపత్రి కావాలంటే ఆల్పైన్ దాకా సుమారు 100 మైళ్ళు వెళ్ళాలి. పార్కులో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు.

నాన్నకి మోకాళ్ళ నొప్పులు, అమ్మకి షుగర్. వేళకి తిండి పడాలి, రాత్రిపూట బాత్రూమ్ పక్కనే ఉండాలి. వాళ్ళతో టెంటులో పడుకోవడం కుదరని పని. పార్కు లోపల లాడ్జి ఒకటే, అందులో గదులు దొరకలేదు. బయట టెర్లింగ్వా అనే ఊళ్ళో ఉండి రోజూ రాకపోకలంటే సగం రోజు కారులోనే గడిచిపోతుంది. అందుకే ఆర్వీ, అంటే చక్రాల మీద నడిచే ఇల్లు, అనుకున్నాం. వంటిల్లు, పడక, బాత్రూమ్ అన్నీ వెంటే ఉంటాయి. చాలామంది తెలుగువాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న లైసెన్సు గురించి. టెక్సస్‌లో 26,000 పౌండ్ల లోపు బండికి మామూలు కారు లైసెన్సు చాలు. అద్దెకి దొరికే క్లాస్ సి (మధ్య సైజు) ఆర్వీలన్నీ ఆ లోపువే.

బండి పొడుగు మాత్రం బుక్ చేసేముందే చూసుకోవాలి. పార్కు నడిబొడ్డున చీసోస్ కొండలున్నాయి, వాటి మధ్య గిన్నెలాంటి లోయని బేసిన్ అంటారు. అక్కడికి వెళ్ళే రోడ్డు నిటారుగా, మెలికలు తిరుగుతూ ఉంటుంది. 24 అడుగుల కన్నా పొడుగు ఆర్వీలు, 20 అడుగులు దాటిన ట్రైలర్లు ఆ రోడ్డు మీదికి తేవద్దని పార్కువాళ్ళే చెబుతారు. హాట్ స్ప్రింగ్స్ రోడ్డులోకి ఆర్వీలని అసలు రానివ్వరు. మేం తీసుకున్నది 25 అడుగులది, అమ్మానాన్నలకి వెనక విడిగా మంచం ఉంటుందని. అంటే బండిని నది ఒడ్డున పెట్టేసి, కొండల్లోకి వెళ్ళడానికి ఇంకో కారు ఉండాలి. ఆస్టిన్‌లో ఉండే మా స్నేహితులు తమ ఎస్‌యూవీ, టెంటు తీసుకుని వస్తామన్నాకే మాకు ధైర్యం వచ్చింది. రెండో కారు లేకుండా పెద్ద ఆర్వీతో బిగ్ బెండ్‌కి వెళ్తామనేవాళ్ళకి నేను వద్దనే చెబుతాను. పార్కులో సగం అందాలు ఆ 24 అడుగుల గీతకి అవతలే ఉన్నాయి.

వెళ్ళింది ఫిబ్రవరిలో. నవంబరు నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా ఇక్కడ మంచి కాలం. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ సెలవుల జనం, మే నుంచి ఎండ. 2023 జూన్‌లో ఇక్కడి మారుఫో వేగా ట్రైల్‌లో ఎండకి ఒక కుర్రాడి ప్రాణం పోయింది, సాయం కోసం కారులో వెళ్ళిన అతని మారుతండ్రి ప్రమాదంలో చనిపోయాడు. ఆ రోజు అక్కడ 119 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 48 సెల్సియస్. ఎండలు మాకు కొత్త కాదులే, అనంతపురంవాళ్ళం అని దయచేసి ఎవరూ ధీమాగా ఉండకండి. మన ఊళ్ళో ఎండలో నడిచేటప్పుడు ఎక్కడో ఒక చెట్టు, ఒక గడప, నీళ్ళిచ్చే మనిషి ఉంటారు. ఇక్కడ మైళ్ళ తరబడి నీడుండదు.

పార్కులో నది ఒడ్డునున్న రియో గ్రాండ్ విలేజ్ దగ్గర క్యాంపింగ్‌కి రెండు రకాల చోట్లున్నాయి. ఒకటి కరెంటు, నీళ్ళు, మురుగు కనెక్షన్లు మూడూ ఉన్న ఆర్వీ పార్కు. అందులో ఉన్నవి 25 చోట్లే, అవి నెలల ముందే నిండిపోతాయి. రెండోది పక్కనే కాటన్‌వుడ్ చెట్ల కింద ఉన్న పెద్ద క్యాంప్‌గ్రౌండ్. కనెక్షన్లు ఉండవు గానీ కొళాయి, ఫ్లష్ టాయిలెట్లు, ట్యాంకులు ఖాళీ చేసుకునే డంప్ స్టేషన్ ఉన్నాయి. మాకు దొరికింది ఈ రెండోదే. వెళ్ళి చూశాక సంతోషించాను కూడా. కనెక్షన్లున్న పార్కు చదును చేసిన పార్కింగ్ స్థలంలా ఉంది. మాది చెట్ల నీడలో, పచ్చగడ్డి పక్కన, ఉదయాన్నే పిట్టల గోల మధ్య.

కనెక్షన్లు లేవంటే ఏమిటో బండి తీసుకున్న రోజే అర్థమైంది. అప్పగించే అతను గంటసేపు తిప్పి చూపించాడు. గ్యాస్ సిలిండర్, జనరేటర్, బ్యాటరీ, వాటర్ హీటర్, చివరికి మూడు ట్యాంకులు: మంచినీళ్ళది, వంటింటి సింకు, షవరు నీళ్ళు పడే గ్రే ట్యాంకు, టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకు. నేను అంతా వీడియో తీసుకున్నాను. తర్వాత దాన్ని చాలాసార్లు చూసుకోవాల్సి వచ్చింది, మీరూ తీసుకోండి. మంచినీళ్ళ ట్యాంకు 40 గ్యాలన్లు అని అతను చెప్పగానే అమ్మ నా చెయ్యి పట్టుకుని అడిగింది, "ఎన్ని బిందెలమ్మా?"

లెక్క కట్టాను. 150 లీటర్లు, పది బిందెలు. మా అందరికీ. నా చిన్నప్పుడు మా వీధి కొళాయికి నీళ్ళొచ్చే రోజు ఇంటికి సుమారుగా అన్నే బిందెలు దక్కేవి. మళ్ళీ ఎప్పుడొస్తాయో తెలిసేది కాదు. అమ్మ ఇంకేమీ అడగలేదు. ఆ క్షణం నుంచి బండిలో నీళ్ళ బాధ్యత ఆమెది. డాలస్‌లో మా ఇంట్లో డిష్‌వాషరు ముట్టుకోవడానికి మొహమాటపడే మనిషి, ఇక్కడ మా అందరికీ ఆజ్ఞలిచ్చింది. గిన్నె కడిగేముందు కాగితంతో తుడవాలి. బియ్యం కడిగిన నీళ్ళు పారబోయకూడదు, వాటితోనే ముందుగా ఎంగిలి గిన్నెలు తొలిచెయ్యాలి. పళ్ళు తోముకునేటప్పుడు గ్లాసుతో నీళ్ళు. స్నానానికి ఒళ్ళు తడుపుకుని షవరు కట్టెయ్యడం, సబ్బు రాసుకున్నాక మళ్ళీ తిప్పడం. మా అబ్బాయి మొదటిరోజు సణిగాడు. అవ్వ వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళ అమ్మ వాడి వయసులో బోరింగు దగ్గర వరసలో నిలబడిన సంగతి చెప్పింది. తర్వాత వాడే గోడ మీది గేజీ చూసి ఎంత మిగిలిందో అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు.

తాగే నీళ్ళు ఈ లెక్కలోకి రావు. ఎడారిలో మనిషికి రోజుకి ఒక గ్యాలన్ అన్నది పార్కువాళ్ళ సలహా. వాటిని డాలస్ నుంచే విడిగా క్యాన్లలో తెచ్చుకున్నాం.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. ఐ-20 హైవే మీద మిడ్లాండ్, ఒడెస్సా దాటేదాకా చమురు పంపులు తలలూపుతూ కనిపిస్తాయి. అక్కడి గాలి మాత్రం భయపెట్టింది. ఆర్వీ ఎత్తైన పెట్టె కదా, పక్క నుంచి గాలి తోస్తే స్టీరింగు చేతుల్లోంచి జారిపోతున్నట్టు ఉంటుంది. 60 మైళ్ళ వేగం దాటకుండా నడిపాం. చీకటి పడ్డాక నడపకూడదని ముందే అనుకున్నాం, ఫోర్ట్ స్టాక్టన్‌లో ఆగి పడుకున్నాం. తెల్లారి అక్కడే పెట్రోలు నింపుకుని, 385వ నంబరు రోడ్డు మీద మారథాన్ దాకా వెళ్ళాం. మారథాన్ దాటాక పార్కు ముఖ్య కార్యాలయం పాంథర్ జంక్షన్ దాకా సుమారు 70 మైళ్ళ పాటు ఒక్క దుకాణం కూడా ఉండదు. పార్కు లోపల పాంథర్ జంక్షన్‌లో, రియో గ్రాండ్ విలేజ్‌లో పెట్రోలు పంపులున్నాయి. అయినా ముందే నింపుకుంటే మనసుకి నిమ్మళం.

దారిలో శిలాజాలు చూపించే ఫాసిల్ డిస్కవరీ ఎగ్జిబిట్ దగ్గర తప్పకుండా ఆగండి. ఆర్వీ పెట్టుకోవడానికి చోటుంది. ఈ ఎడారి ఒకప్పుడు సముద్రం కింద ఉండేది, తర్వాత చిత్తడి అడవి, తర్వాత అగ్నిపర్వతాలు. 1971లో ఒక విద్యార్థి ఇక్కడే ఒక రెక్క ఎముక కనిపెట్టాడు. అది కెట్సల్‌కోట్లస్ అనే ఎగిరే ప్రాణిది. రెక్కలు చాపితే 10 మీటర్ల పైనే. పైకప్పు నుంచి వేలాడదీసిన దాని నమూనా కింద నిలబడి మా అబ్బాయి చాలాసేపు కదల్లేదు.

పాంథర్ జంక్షన్ నుంచి రియో గ్రాండ్ విలేజ్‌కి 20 మైళ్ళు. ఆ 20 మైళ్ళలో రోడ్డు దాదాపు 1,900 అడుగులు కిందికి దిగుతుంది. చివర్లో సున్నపురాతి కొండని తొలిచిన చిన్న సొరంగం ఒకటి వస్తుంది. అది దాటగానే ఎదురుగా మెక్సికో వైపు సియెర్రా దెల్ కార్మెన్ కొండలు గోడలా నిలబడి ఉంటాయి. సాయంత్రం ఎండ పడితే అవి గులాబీరంగులోకి మారతాయి.

బండి చదునుగా నిలబెట్టడం ఒక పని. చక్రాల కింద పెట్టే ప్లాస్టిక్ దిమ్మలు ఇస్తారు. ఒక మూల పల్లంగా ఉన్నా గ్యాస్ ఫ్రిజ్ సరిగ్గా పనిచెయ్యదు, మంచం మీద తల కిందికైపోతుంది. నాన్న గ్లాసులో నీళ్ళు పోసి టేబుల్ మీద పెట్టి, మట్టం చూసి, ఇంకొంచెం ముందుకి, ఇంకొంచెం అని మా ఆయనకి చెబుతుంటే, పక్క సైటులోని పెద్దాయన వచ్చి ఆ పద్ధతి మెచ్చుకుని వెళ్ళాడు.

జనరేటర్ ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకే వెయ్యాలి. కొన్ని వరసల్లో అసలు వెయ్యకూడదు, బుక్ చేసేటప్పుడే చూసుకోండి. ఆ వేళల్లోనే ఫోన్లు చార్జి చేసుకోవడం, ఇన్‌స్టంట్ పాట్‌లో పప్పు. మైక్రోవేవ్, ఏసీ, ఇన్‌స్టంట్ పాట్ ఒకేసారి వేస్తే బ్రేకరు పడిపోతుంది కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి. రాత్రి హీటర్ గ్యాస్ మీదే నడిచినా దాని ఫ్యాను బ్యాటరీని తాగేస్తుంది. అందుకని దుప్పట్లు ఎక్కువ తీసుకెళ్ళాం, హీటర్ తెల్లవారుజామున కాసేపే వేశాం. ఇంకొకటి మనవాళ్ళందరికీ పనికొచ్చేది: ఆర్వీలో పోపు పెడితే పొగ అలారం మోగుతుంది. తప్పదు. పోపు బయట చిన్న క్యాంపింగ్ స్టవ్ మీద పెట్టుకోండి. నేను ఇంటి దగ్గరే పులిహోర పులుసు, చింతపండు చారు పొడి, వేయించిన రవ్వ చేసి డబ్బాల్లో పెట్టుకొచ్చాను. నీళ్ళూ, గ్యాసూ, ఓపికా అన్నీ మిగిలాయి.

తిన్నాక బయట ఒక్క మెతుకు కూడా ఉండనివ్వకూడదు. హావలీనాలు వస్తాయి. చూడ్డానికి అడవి పందుల్లా ఉంటాయి, కానీ ఆ జాతి కాదు, వేరే కుటుంబం. గుంపులుగా తిరుగుతూ వాసన తగిలితే టెంట్లు చించేస్తాయట. మా స్నేహితుల టెంటులో ఉన్న తినుబండారాలన్నీ ఆర్వీలోకి చేరాయి. పొద్దుగూకే వేళ ఆరేడు హావలీనాలు మా బల్ల పక్క నుంచే గుర్రుమంటూ నాగజెముడు పొదల్లోకి వెళ్ళాయి. అవి తినేది ముఖ్యంగా ఆ నాగజెముడు మట్టలే.

ఆ నాగజెముడు దగ్గరే అమ్మ ఆగిపోయింది. మన చేల గట్ల మీద ఉండేదే కదా ఇది, ఇక్కడికెలా వచ్చిందీ అని. నిజానికి అది ఇక్కడిది. నాగజెముడు పుట్టిల్లు అమెరికా ఖండాలే. తెల్లవాళ్ళ కాలంలో ఎర్రరంగునిచ్చే పురుగుల్ని పెంచడానికని ఇండియాకి తెచ్చారు, అక్కడ అది అదుపు లేకుండా పాకింది. కిత్తనార కథా అంతే. రాయలసీమలో పొలాలకి కంచెగా, తాళ్ళకి నారగా తరతరాలుగా వాడుకుంటున్న ఆ మొక్క మెక్సికో వైపు నుంచి వచ్చినదే. బిగ్ బెండ్‌లో దాని చుట్టాలు అడుగడుగునా ఉన్నాయి. లెచుగియా అని చిన్నరకం ఒకటి, మట్టలు బాకుల్లా నిలబడి ఉంటాయి. కాలు జారి దాని మీద పడితే పిక్కలో దిగిపోతుంది. ఈ చివావన్ ఎడారికి దాన్నే గుర్తుగా చెబుతారు. దాని నారతో మెక్సికోలో తాళ్ళు, సంచులు చేస్తారని అక్కడి బోర్డులో చదివి చెప్పాను. నాన్న వంగి, ఎండి పడిపోయిన మట్ట ఒకదాన్ని పరిశీలనగా చూశారు. పార్కులో ఏదీ తెంపకూడదు, తీసుకెళ్ళకూడదు. చూసి అక్కడే వదిలేశారు. "మా నాయన దీన్తోనే మోకులు పేనేవాడమ్మా" అన్నారు. పదేళ్ళుగా నేను అమ్మానాన్నలకి అమెరికాలో ఎన్నో చూపించాను. ఇది తమకి తెలిసినదే అన్న వెలుగు వాళ్ళ మొహాల్లో అప్పుడే చూశాను.

నడకల్లో అమ్మానాన్నలకి అనువైనది మా క్యాంప్‌గ్రౌండ్ నుంచే మొదలయ్యే నేచర్ ట్రైల్. ముప్పావు మైలు. మొదట చెక్కవంతెన మీద చిన్న మడుగు దాటాలి, తర్వాత చిన్న గుట్ట. గుట్ట మీద నుంచి నది, అవతల మెక్సికోలోని బోకియాస్ ఊరు కనిపిస్తాయి. మడుగులో తాబేళ్ళు, గట్టు మీద రోడ్‌రన్నర్ పిట్ట. చేతికర్రతో నాన్న నెమ్మదిగా పైదాకా వచ్చారు.

హాట్ స్ప్రింగ్స్‌కి మేం ఇద్దరం, మా అబ్బాయి క్యాంపు నుంచి కొండ అంచు ట్రైల్‌లో నడిచి వెళ్ళాం, ఒకవైపు 3 మైళ్ళు. అమ్మానాన్నల్ని స్నేహితులు ఎస్‌యూవీలో తీసుకొచ్చారు. ఆ ట్రైల్‌లో ఎక్కడా నీడ లేదు, ఉదయం 7కే బయల్దేరితే మేలు. దారంతా కుడివైపు ఎండిన కొండ, ఎడమవైపు కింద ఆకుపచ్చ గీతలా నది. 20వ శతాబ్దం మొదట్లో ఒకాయన వైద్యం కోసం వచ్చేవాళ్ళకని ఇక్కడ స్నానాల గది కట్టాడు. ఇప్పుడు దాని పునాది మాత్రమే మిగిలి, నది ఒడ్డున రాతి తొట్టిలా ఉంది. 105 డిగ్రీల ఫారన్‌హీట్ వేడినీళ్ళు నేలలోంచి ఊరుతూనే ఉంటాయి. నాన్న ప్యాంటు మడిచి మోకాళ్ళ దాకా ముంచుకుని కూర్చుని, లేవనన్నారు.

ఆ నది గురించి నాకు అప్పటిదాకా తెలియనిది ఒకటుంది. కొలరాడోలో పుట్టిన రియో గ్రాండ్ ఇక్కడికి వచ్చేసరికి దాదాపు ఎండిపోయి ఉంటుంది. దారిపొడుగునా పొలాలకీ, ఊళ్ళకీ తోడేసుకుంటారు. బిగ్ బెండ్‌లో మనం చూసే నీళ్ళు చాలావరకు ప్రెసిడియో అనే ఊరి దగ్గర మెక్సికో నుంచి వచ్చి కలిసే కాంచోస్ నదివి. పెన్నా నది ఇసుకలో ఆడుకుంటూ పెరిగిన నాకు, పేరు మిగిలి నీళ్ళు మిగలని నదిని ఇంకోచోట చూడటం బాధగానే అనిపించింది.

బోకియాస్ క్రాసింగ్ గురించి మనవాళ్ళు తెలుసుకోవాల్సింది ఉంది. 2002లో మూసేసి, 2013లో మళ్ళీ తెరిచిన చిన్న సరిహద్దు దాటే చోటు అది. చిన్న పడవలో నది దాటించి, గాడిద మీదో కాలినడకనో ఊళ్ళోకి వెళ్ళి భోజనం చేసి సాయంత్రానికి వచ్చెయ్యవచ్చు. వారంలో కొన్ని రోజులే తెరుస్తారు. మా పాస్‌పోర్టుల్లో హెచ్-1బి ఉద్యోగ వీసా స్టాంపింగు గడువు అయిపోయింది, కాబట్టి మేం వెళ్ళలేదు. చెల్లే అమెరికా వీసాగానీ గ్రీన్‌కార్డుగానీ ఉంటే భారతీయులకి మెక్సికో వీసా అక్కర్లేదు, స్టాంపింగు లేకపోతే ఆ వెసులుబాటు వర్తించదు. గ్రీన్‌కార్డు ఉన్న మా స్నేహితులు వెళ్ళొచ్చారు, తీగతో చేసిన తేలు బొమ్మలు తెచ్చారు. అవే బొమ్మలు ట్రైల్ పక్కన రాళ్ళ మీద పెట్టి, డబ్బు డబ్బాలో వెయ్యమని రాసి ఉంటాయి. అక్కడ కొనకూడదు, అది చట్టవిరుద్ధం. ఊళ్ళోకి వెళ్ళి కొంటే తప్పులేదు. నది అవతల ఒకాయన పాడుతున్న పాట ఇవతలికి స్పష్టంగా వినిపిస్తుంటే, నాలుగు బారల నీళ్ళు దాటడానికి కావలసిన కాగితం గురించి నేనూ మా ఆయనా చాలాసేపు మాట్లాడుకున్నాం.

బేసిన్‌లో లాస్ట్ మైన్ ట్రైల్ నాకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా నచ్చిన నడక. రానూపోనూ 4.8 మైళ్ళు, ఎక్కేది 1,100 అడుగులు. నది ఒడ్డున చొక్కాతో తిరిగినవాళ్ళం ఇక్కడ జాకెట్లు వేసుకోవాల్సి వచ్చింది. ఎడారి మధ్యలో దీవిలా ఈ కొండలు మాత్రం చల్లగా ఉంటాయి. ఓక్, జూనిపర్, పైన్ చెట్లు, వాటి మధ్య నల్ల ఎలుగుబంట్లు. 20వ శతాబ్దం మధ్యకల్లా ఎలుగులు ఇక్కడ కనుమరుగైపోయాయి. 1980ల చివర్లో మెక్సికో కొండల నుంచి ఎడారి దాటి వాటంతటవే తిరిగి వచ్చాయి. మాకు కనపడలేదు. పార్కింగ్ స్థలం చిన్నది, పొద్దున 8 లోపే నిండిపోతుంది, అందుకే చీకటితో బయల్దేరాం. మొదటి మైలు చివర కనుమ దగ్గరే గొప్ప దృశ్యం ఉంది, పెద్దవాళ్ళు అంతవరకు వచ్చినా చాలు. అమ్మ అక్కడిదాకా వచ్చి, రాతి మీద కూర్చుని, మేం పైకి వెళ్ళొచ్చేదాకా మా స్నేహితురాలితో కబుర్లు చెబుతూ ఉంది. పైన చివరి మెలికలు కాస్త ఆయాసం. ట్రైల్ చివర రాళ్ళ అంచు నుంచి చూస్తే వరసలు వరసలుగా కొండలు, ఏ వరస దగ్గర అమెరికా అయిపోయి మెక్సికో మొదలైందో చెప్పడం కష్టం.

సాంటా ఎలెనా కాన్యన్‌కి రాస్ మాక్స్‌వెల్ రోడ్డు మీద 30 మైళ్ళు. ఆ పేరు పార్కు మొదటి సూపరింటెండెంటుది, ఆయన భూగర్భ శాస్త్రవేత్త. ఫిబ్రవరిలో రోడ్డు పక్కన బిగ్ బెండ్ బ్లూబోనెట్లు అనే నీలిపూలు నడుం ఎత్తున పూస్తాయి, డాలస్ దగ్గర మనం పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటోలు తీసే రకం కన్నా బాగా ఎత్తు. కాన్యన్ దగ్గర నది 1,500 అడుగుల సున్నపురాతి గోడల మధ్య నుంచి బయటికి వస్తుంది. ఎడమ గోడ మెక్సికో, కుడి గోడ అమెరికా. లోపలికి వెళ్ళాలంటే ముందు టెర్లింగ్వా వాగు దాటాలి, ఆ రోజు పిక్కల లోతు నీళ్ళున్నాయి. వర్షం పడితే దాటే ప్రయత్నం చెయ్యకూడదు, పైనెక్కడో కురిసినా ఇక్కడ ఒక్కసారిగా పొంగుతుంది. అమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, నా భుజం పట్టుకుని దాటింది. అవతల ఒడ్డున దోసిలితో నది నీళ్ళు తీసుకుని తలమీద చల్లుకుంది, తర్వాత మా అందరి మీదా.

రాత్రుల సంగతి చెప్పాలి. 2012 నుంచి ఇది అంతర్జాతీయ డార్క్ స్కై పార్కు. దేశంలోని నేషనల్ పార్కుల్లో ఇంత చీకటి ఆకాశం ఉన్నవి చాలా తక్కువ. మేం అమావాస్య చూసుకునే తేదీలు పెట్టుకున్నాం. ఎర్రకాంతి టార్చిలైట్లు తీసుకెళ్ళండి, తెల్లకాంతి పడితే కళ్ళు మళ్ళీ చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది. జనరేటర్లు ఆగాక నాన్న కుర్చీ బయట వేసుకుని, మా అబ్బాయికి పిల్లలకోడి, రోహిణి, మృగశిర, ఆర్ద్ర వరసగా చూపించారు. వాడు ఫోన్‌లో యాప్ తెరవబోయి ఆపేశాడు. తొమ్మిది దాటాక దక్షిణాన, కొండల పైన కాస్త ఎత్తులో అగస్త్య నక్షత్రం మెరిసింది. మా ఊళ్ళో అది బాగా పైకి వస్తుంది. ఇక్కడ 29 డిగ్రీల అక్షాంశం కాబట్టి అంత కిందికి దిగిపోయింది. అది చూసి భూమి ఎంత వంగిందో తాతామనవళ్ళు లెక్క వేసుకున్నారు.

చివరిరోజు పని డంప్ స్టేషన్. ఆర్వీ అనగానే చాలామంది వెనక్కి తగ్గేది దీని గురించే, కాబట్టి వివరంగా చెబుతాను. చేతులకి మందపాటి గ్లోవ్స్ వేసుకుని, పైపు ఒక చివర బండికి, ఇంకో చివర నేలలోని గొట్టానికి బిగించాలి. ముందు బ్లాక్ ట్యాంకు తెరవాలి, అది పూర్తిగా ఖాళీ అయ్యి మూసేశాకే గ్రే తెరవాలి. సబ్బునీళ్ళు వెనకాల వస్తే పైపు కడుక్కుపోతుంది. పైపు సరిగ్గా బిగిసిందో లేదో రెండుసార్లు చూసుకుంటే చాలు, పది నిమిషాల్లో అయిపోయింది. రోజుల తరబడి అందరి వాడకం ఎంతో అప్పుడు కళ్ళ ముందు కనిపిస్తుంది. గ్రే ట్యాంకు గేజీ సగమే చూపించింది. అమ్మ ఆ గేజీ చూసి తృప్తిగా తలూపింది.

తిరుగు దారిలో మారథాన్‌కి ముందు సరిహద్దు గస్తీవాళ్ళ (బోర్డర్ పాట్రోల్) చెక్‌పోస్టు ఉంటుంది. సరిహద్దు దాటకపోయినా అందర్నీ ఆపుతారు. పాస్‌పోర్టులు, దేశంలోకి వచ్చినట్టు చూపే ఐ-94 ప్రింట్లు, మా హెచ్-1బి ఆమోదం తెలిపే ఐ-797 కాగితాలు, అమ్మానాన్నల వీసా పేజీ అన్నీ ఒకే కవరులో పెట్టి డాష్‌బోర్డు మీద ఉంచాను. ఆఫీసరు చూసి, పార్కు ఎలా ఉందని నాన్నని అడిగి పంపించేశాడు. రానూపోనూ 1,150 మైళ్ళకి గ్యాలన్‌కి 9 మైళ్ళ చొప్పున పెట్రోలు ఖర్చు 400 డాలర్లు అయింది. అద్దె కాక అది ముందే లెక్కలో వేసుకోండి. జనరేటర్ నడిపిన గంటలకి కూడా విడిగా తీసుకుంటారు.

చీసోస్ కొండల్లో సౌత్ రిమ్ నడక మిగిలిపోయింది. అది 12 మైళ్ళ పైనే, ఒక రాత్రి కొండ మీద పడుకోవాలని మా ఆలోచన. వచ్చే చలికాలం దానికి నేనూ మా ఆయనా టెంటుతో వెళ్ళాలని పర్మిట్ కోసం చూస్తున్నాం. పైన నమ్మదగిన నీళ్ళు లేవు, మొత్తం వీపు మీద మోసుకెళ్ళాలి. ఎన్ని లీటర్లు మొయ్యాలో అమ్మ ఇప్పటికే ఫోన్లో అడిగి రాసుకుంది.